జానెడు దూరం

"చేయించుకున్నాక పాప ముఖం నాకు సరిగ్గా ఆనకపోతే? ఏ వెయ్యిమందిలోనో ఒకరికి తేడా చేస్తుందంటారు. ఆ ఒకరు నేనే అయితే?"

ఈ మాట ఆమె మొగుడితో అనలేదు, అక్కతో అనలేదు, కళ్ళ ఆసుపత్రిలో నవ్వుతూ కాగితాలు చేతికిచ్చిన అమ్మాయితోనూ అనలేదు. లాండ్రీ షాపులో ఓ మూల ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆమె తెచ్చిన ఉన్నికోటు మోచేయి దగ్గర చిరుగు పూడుస్తున్న మనిషితో అన్నది. అప్పటికి వాళ్ళ పరిచయం వయసు ఇరవై నిమిషాలు. అలసిన మనిషి నోరు ఎక్కడ జారుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ మనిషి తలెత్తలేదు. సూది పైకి లాగి, దారం చివర పళ్ళతో కొరికి, "ఏ కన్ను ముందు?" అని అడిగింది.

"రెండూ ఒకేరోజు. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం."

"నాకు వారం తేడాలో ఒక్కోటి అన్నారు. అందుకే సగం బతికిపోయాను" అంది ఆవిడ, మళ్ళీ కోటు మీదికి వంగుతూ.

ఆ వీధిలో ఆవిడని అందరూ దారాలత్త అంటారు. ఏభై ఆరేళ్ళుంటాయి. రఫ్ఫు పని చేస్తుంది. రఫ్ఫు అంటే అతుకు వేయడం కాదు. అదే బట్ట లోపలి మడతలోంచి నాలుగు పోగులు తీసి, చిరిగినచోట నిలువుకి నిలువు, అడ్డానికి అడ్డం, మగ్గం మీద నేసినట్టు కలపాలి. బాగా కుదిరితే చిరుగు ఎక్కడుండేదో తొడుక్కున్నవాళ్ళకే తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ చేసిన పనంతా ఊళ్ళో వాళ్ళ మోచేతుల మీదా మోకాళ్ళ మీదా తిరుగుతోంది, ఒక్కటీ ఎవరికీ చూపించడానికి లేదు. పేరు రాని పనుల్లో అదొకటి.

వెనక ఇస్త్రీ యంత్రం బుస్సుమని ఆవిరి వదిలినప్పుడల్లా ఆవిడ చేయి ఆగుతుంది. ఆవిరి సర్దుకున్నాక మళ్ళీ కదులుతుంది. బట్టని ఎడమ కంటికి జానెడు దూరంలో పట్టుకుని, తల కాస్త పక్కకి తిప్పి, పిట్ట గింజని చూసినట్టు చూస్తుంది. లాండ్రీ యజమాని దాని మీద ఓ హాస్యం అరగదీసి పెట్టుకున్నాడు. "మా అక్క ఎడమ కంటితో పని చూస్తుంది, కుడి కంటితో నేను గల్లాపెట్టె దగ్గర నిద్రపోతున్నానా లేదా చూస్తుంది" అంటాడు. "అందుకేరా, రెండు కళ్ళూ లాగేస్తున్నాయి" అని ఆవిడ జవాబు. ఇద్దరూ నవ్వరు. రోజుకి రెండుసార్లయినా అనుకునే మాట మరి.

కోటు తెచ్చిన ఆమె ఎదురు సందులోని విత్తనాల పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వృక్షశాస్త్రం చదువుకుంది. సంచుల్లో వచ్చిన విత్తనాల నమూనాల్లోంచి కలుపు గింజల్ని సన్న పట్టకారుతో ఏరి వేరుచేయడం, నాలుగు వందల గింజలు లెక్కపెట్టి తడి కాగితం మీద పేర్చడం, ఎన్ని మొలిచాయో రాయడం ఆమె పని. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది కనుక తోటివాళ్ళు ఆమెకి 'నాలుగొందలు' అని పేరు పెట్టారు. నమూనాలు దాచే చలిగదిలోకి వెళ్ళేటప్పుడు మొగుడికి చెప్పకుండా తెచ్చుకున్న కోటు వేసుకుంటే, అది ర్యాకు కొక్కేనికి తగులుకుని చిరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని పట్టుకుని ఇక్కడికొచ్చింది. కౌంటరు మీద కోటు పరిచి, "ఇదిగో, ఇక్కడ కూడా రెండు పోగులు తెగాయి" అని చూపించడానికి కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, బట్టని ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

దారాలత్త గమనించింది అదే. అద్దాలు తీసి చూసేవాళ్ళని ఆవిడ ఇట్టే పోల్చుకుంటుంది.

"ఎంత?" అంది.

"మైనస్ ఐదు. రెండూ."

"నాదీ అంతే ఉండేది" అంది. అక్కణ్ణుంచి మాట ఆపరేషను దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆమె కథ చెప్పాలంటే మెట్ల దగ్గర మొదలుపెట్టాలి. పాపకి పదకొండు నెలలు. చేతికి అందిన ప్రతిదీ లాగే వయసు. అన్నిటికన్నా ముందు అందేవి అమ్మ కళ్ళద్దాలు. ఇరవై రోజుల కింద, మూడో అంతస్తు నుంచి పాపని ఎత్తుకుని దిగుతుంటే పాప అద్దాలు ఊడబెరికి కిందికి విసిరింది. అవి టకటకమంటూ ఎన్ని మెట్లు దిగాయో వినబడింది గానీ కనబడలేదు. బూడిదరంగు మెట్లు అంచులు కలిసిపోయి వాలుబల్లలా అయ్యాయి. కాలు ముందుకి వేయాలంటే భయం, వెనక్కి తిరగాలన్నా భయం. ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో కమ్మీని పట్టుకుని, కింది అంతస్తు ఆయన పాలు తేవడానికి బయటికి వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆయనకి అదంతా నాలుగు నిమిషాల పని. ఆమెకి మాత్రం ఆ నాలుగు నిమిషాలు ఇంకా అవలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, బూడిదరంగు వాలుబల్ల.

మర్నాడే కళ్ళ ఆసుపత్రికి ఫోను చేసింది. అక్క మూడేళ్ళ కిందట లేజరు చేయించుకుంది, ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పిస్తుంది, "ఇన్నేళ్ళూ ఏ పిల్ల మునుగుతోందో ఏ పిల్ల ఆడుతోందో తెలియకుండా బతికానే, ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది" అంటుంది. అక్క అబద్ధమాడే మనిషి కాదు. మొగుడు మంచివాడు, ఎంత మంచివాడంటే ఏది అడిగినా "నీ ఇష్టం" అంటాడు. నిద్రలేని మనిషికి నీ ఇష్టం అనేది ఇంకో పని అప్పజెప్పడమే అని అతనికి తెలియదు. అత్తగారు ఫోనులో ఎవరికో వికటించిన కథ ఒకటి చెబుతూ, చివర "అయినా మీరు చదువుకున్నవాళ్ళు" అని ముగిస్తుంది. ఇలా ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ పాప. రోజూ పాప పడుకున్నాక ఆమె ఫోనులో ఆపరేషను గురించి చదివేది. మేలు ఎంతమందికో, చేటు ఎంతమందికో, కళ్ళు పొడిబారడం ఎన్నాళ్ళో. నాలుగు వందల్లో ఎన్ని మొలుస్తాయో చెప్పగల మనిషి, ఒక్క గింజ గురించి మాత్రం ఎవరూ చెప్పలేరని తన చదువే నేర్పిన సంగతి దగ్గర ఆగిపోయేది.

దారాలత్త ఇవన్నీ విని, "అది సరే, నా సంగతి విను" అని సూది పక్కన పెట్టింది. ఆవిడ సూది పక్కన పెట్టడం అరుదు కాబట్టి లాండ్రీ యజమాని కూడా ఇటు తిరిగాడు.

అప్పటికి ఆవిడకి నలభై ఒకటి. రఫ్ఫు పని ఇంట్లోనే, కిటికీ పక్కన చేసేది. లాండ్రీవాళ్ళు మూట పంపేవారు, ఆవిడ బాగుచేసి పంపేది. మొగుడు బస్సు డిపోలో గుమాస్తా, కలుపుగోలు మనిషి. డిపోలో డ్రైవరు ఒకాయన లేజరు చేయించుకుని వచ్చాడట, దూరాన ఉన్న బస్సుల నంబర్లు చదివేస్తున్నాడట. ఇక రోజూ అదే పాట. సోడాబుడ్డి అద్దాలతో పెళ్ళాం ఎందుకు అవస్థ పడాలని ఆయన బాధ. ప్రేమతోనే అన్నాడు. అదొక బలవంతమూ కాదు, గొడవా కాదు, చెవిలో జోరీగ. ఆరు నెలలు వద్దంటూ వచ్చింది. ఓ రోజు మూడు కోట్లు, ఒక శాలువా పూర్తిచేసి, తల నరాలు తెగిపోతున్న వేళ మళ్ళీ అడిగితే, ఇక ఆ జోరీగ ఆగితే చాలని "ఊఁ" అంది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. మొగుడు పక్కనుంచి, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. డాక్టరమ్మ కాగితం మీద అదే రాసుకుంది.

"మీరు చెప్పలేదా?" అని ఆమె అడిగింది.

"చెప్పొచ్చు. నోరుంది. కానీ అమ్మాయ్, పదమూడేళ్ళుగా చేస్తున్న పనికి నేనే పని అని పేరు పెట్టలేదు. ఇంట్లో కూర్చుని కుట్టుకుంటున్నా అనేదాన్ని. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముందనిపించింది. పైగా ఒళ్ళు అలిసిపోయి ఉంది. నోరు తెరవడం కూడా ఓ పనేగా."

ముందు కుడి కన్ను చేశారు. చక్కగా కుదిరింది. మర్నాడు నిద్రలేస్తూనే గోడ గడియారంలో టైము కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక పడుకున్నచోటు నుంచి టైము చూడటం అదే మొదటిసారి. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టల్లో చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టింది. మొగుడు గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో వెళ్ళి చూసొస్తానన్నాడు. ఆ రోజంతా ఇద్దరూ చిన్నపిల్లలయ్యారు.

నాలుగో రోజు డాక్టరమ్మ పని చేసుకోవచ్చంది. సాయంత్రం మూట విప్పింది. నల్లకోటు. అలవాటుగా జానెడు దూరంలో పట్టుకుంది. ఎడమ కంట్లో పోగులు స్పష్టంగా ఉన్నాయి. ఎడమ కన్ను మూసింది. కుడి కంట్లో కోటు ఉంది, పోగుల్లేవు. దూరం జరిపితే కాస్త తేటపడింది గానీ పోగు చిన్నదైపోయింది. ఇంకా దగ్గరికి తెస్తే మసక. దీపం మార్చింది, కిటికీ మార్చింది, కళ్ళు కడుక్కుంది. భూతద్దం పెట్టి చూసింది. భూతద్దంలో పోగు లావుగానే కనిపించింది కానీ దాని చుట్టూ ఉన్న బట్ట తప్పిపోయింది, ఏ పోగు ఎక్కడికి పోతోందో తెలియలేదు. కన్ను పాడవలేదు. కన్ను దూరానికి బదిలీ అయిపోయింది.

వారం తిరిగి ఎడమ కంటి కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, ఈసారి మొగుణ్ణి బయట కూర్చోమని, లోపలికి వెళ్ళి తన పని చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఎంత దూరంలో పట్టుకుంటారు?" అంది. ఆవిడ జాన చాపి చూపించింది. డాక్టరమ్మ స్కేలు తీసి ఆ జానని కొలిచింది. కోప్పడలేదు. "దూరపు చూపు లేకపోవడం మాకు లోపమే గానీ, మీ పనికి అదే సాధనమమ్మా. ముందే చెప్పి ఉంటే వేరేగా ఆలోచించేవాళ్ళం" అంది. ఎడమ కన్ను వద్దనుకుంటే వద్దు, రెండు కళ్ళకీ పొంతన కుదరక కొన్ని ఇబ్బందులుంటాయి, వారం ఆలోచించుకుని రమ్మంది. ఆవిడ వారం ఆలోచించి, పొద్దున్నే టీ తాగాక, బుర్ర తేటగా ఉన్నప్పుడు వద్దని చెప్పింది.

"నాకు ఆ కన్నూ చేయించాల్సిందా అంటే తెలీదు. ఈ కన్ను చేయించకుండా ఉండాల్సిందా అంటే అదీ తెలీదు. గడియారం చూసుకుంటున్నాగా" అంది దారాలత్త.

ఇబ్బందులు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చాయి, వచ్చి ఉండిపోయాయి. రెండు కళ్ళకీ సరిపోయేలా అద్దాలు పెడితే తలనొప్పి. పెట్టకపోతే ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో తేలదు, అందుకని ఎవరైనా దాటేదాకా రోడ్డు పక్కన ఆగి వాళ్ళ వెనకే దాటుతుంది. గ్లాసులో నీళ్ళు పోస్తే ఒక్కోసారి బల్ల తాగుతుంది. సాయంత్రానికి ఎడమ కన్ను ఒక్కటే బండి లాగిన ఎద్దులా వాలిపోతుంది. ఆవిడ మొగుడు పోయి ఆరేళ్ళయింది. పోయేదాకా ఆసుపత్రి మాట వస్తే, "నేనే నోరు జారాను" అనేవాడట. "నేనే నోరు మూసుకున్నాను" అని ఆవిడ. వాళ్ళిద్దరూ తప్పుని కూడా సగం సగం పంచుకున్నారు.

మాట ముగించి ఆవిడ సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆమె వెంటనే లేవలేదు. భోజనాల వేళ అయిపోవస్తోంది.

"మిమ్మల్ని పని ఏంటని అడిగారు. నన్ను పాపకి పాలిస్తున్నారా అని అడిగారు" అంది.

"ఏం చెప్పావు?"

"మాన్పించేశానని రాశాను."

దారాలత్త ఆమె కేసి చూసింది, కుడి కంటితో.

మాన్పించలేదు. పొద్దునా రాత్రీ ఇంకా ఇస్తూనే ఉంది. పాలిచ్చే రోజుల్లో కంటి పవరు అటూ ఇటూ అవుతుందనీ, కళ్ళు పొడిబారతాయనీ, మాన్పించి కొన్ని నెలలు ఆగాలనీ ఆసుపత్రి కాగితంలోనే ఉంది. చదివింది. అర్థమైంది. కానీ నిజం రాస్తే తేదీ వెనక్కి పోతుంది, తేదీ పోతే ఇంకో ఆర్నెల్లు అవే మెట్లు, అదే బూడిదరంగు. ఆరోజు మూడు గంటలే నిద్రపోయింది. కలం దానంతటదే 'లేదు' అనే గడిలో టిక్కు పెట్టేసింది. తడి కాగితం మీద మొలవని గింజని మొలిచినట్టు రాసినవాళ్ళని ఆమె తన జన్మలో క్షమించదు.

"కొలిచేవాళ్ళకి అబద్ధం చెప్తే, ఆ కొలత తిరిగొచ్చి నీకే అబద్ధం చెబుతుందమ్మాయ్" అంది దారాలత్త. తిట్టినట్టు అనలేదు, దారం రంగు సరిపోలేదన్నట్టు అంది. తర్వాత మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి కౌంటరు మీద పెట్టింది. అంచులు చిట్లి, అంకెలు సగం అరిగిన పసుపు టేపు. "వారం రోజులు మెళ్ళో వేసుకో. ఏది చూస్తున్నా కంటి నుంచి దానికి ఎంత దూరమో కొలిచి రాసుకో. కన్ను బాగుందా లేదా అని తర్వాత చూద్దువు గానీ, ముందు నీ రోజు ఎంత దూరంలో గడుస్తోందో చూసుకో. టేపు మాత్రం తిరిగివ్వాలి, నాకింకోటి లేదు."

కొలవడం వచ్చిన మనిషికి ఇంతకన్నా హాయైన మాట మూడు వారాల్లో ఎవరూ చెప్పలేదు.

ఆమె నిజంగానే కొలిచింది. ల్యాబు నోటుబుక్కు వెనక పేజీలో గీతలు గీసుకుంది. మొదటిరోజు తోటివాళ్ళు "నాలుగొందలు టైలరు పనిలో చేరింది" అన్నారు. కలుపు గింజ, అద్దాలు తీసి, పంతొమ్మిది సెంటీమీటర్లు. మొలకల కాగితం, ఇరవై రెండు. చలిగది చీటీలు, అద్దాలతో, డెబ్భై. బస్సు బోర్డు, టేపుకి అందలేదు. మెట్టు అంచు, నిలబడి, నూట ఏభై దాటింది. పాలు తాగుతూ పైకి చూసే పాప కళ్ళు, పద్దెనిమిది.

ఆ చివరిది రాసి చాలాసేపు చూసుకుంది. పాప ముఖం కనబడకపోతే అని కదా ఆమె భయం. పొద్దునా రాత్రీ, అద్దాల్లేకుండా, రెప్పవెంట్రుకలు లెక్కపెట్టగలిగే దూరంలో ఆ ముఖం పద్దెనిమిది సెంటీమీటర్ల దగ్గరే ఉంటోంది. తన మైనస్ ఐదు కంటికి సరిగ్గా ఆనే దూరం అదే. కాస్త అటూ ఇటూగా జానెడు. అయితే నాలుగో రోజు పాప బల్ల అంచు పట్టుకుని ఆరడుగులు పక్కకి నడిచింది. అప్పుడు తన కంటి నుంచి పాప ముఖానికి డెబ్భై ఐదు. ఆరో రోజు నూట పది. అంకెలు నిలకడగా లేవు. నిలకడ లేని అంకెల మీద ఏ ల్యాబూ సంతకం పెట్టదు.

పొద్దున్నే, పాప మొదటి కునుకు తీస్తుండగా, టీ తాగాక, ఆసుపత్రికి ఫోను చేసింది. కాగితంలో తప్పు రాశాననీ, ఇంకా పాలిస్తున్నాననీ, తన పని విత్తనాలు దగ్గరగా పెట్టి చూసేదనీ చెప్పింది. అవతలి అమ్మాయి కంప్యూటరులో ఆమె పేరు వెతికింది. తర్వాత తేదీ కొట్టేశామనీ, పాలు మాన్పించి పవరు స్థిరపడ్డాక మళ్ళీ రమ్మనీ, నిజం చెప్పినందుకు థాంక్స్ అనీ అంది. ఫోను పెట్టేశాక గొప్ప ఉపశమనం ఏమీ రాలేదు. నిద్ర వచ్చింది. సాయంత్రం మొగుడు సంగతి విని "నీ ఇష్టం" అనబోయి ఆగి, అద్దాలకి వెనక కట్టుకునే రబ్బరు తాడు ఒకటి కొనుక్కొచ్చాడు. పెట్టుకుంటే ఈతకొలనులో అక్క శిష్యురాల్లా ఉన్నావన్నాడు. మెట్లు మాత్రం ఆమె మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

టేపు తిరిగివ్వడానికి వెళ్ళిన రోజున కోటు సిద్ధంగా ఉంది. మోచేయి ఎంత తిప్పి చూసినా చిరుగు దొరకలేదు. అద్దాలు తీసి జానెడు దూరంలో పెట్టి చూస్తే, ఒక్కచోట మాత్రం పోగు ఇసుమంత కొత్తగా అనిపించింది. "పట్టుకున్నావే" అంది దారాలత్త, ఆ రోజుకి మొదటిసారి నవ్వుతూ. "ఇంకెవరికీ చెప్పకు."

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. పాలు ఎప్పుడో మాన్పించింది. పాప ఇప్పుడు మెట్లు తనే దిగుతుంది, వద్దన్నా పరిగెత్తుతుంది. అక్క మళ్ళీ అడుగుతోంది. ఆసుపత్రి నుంచి కూడా ఓసారి ఫోను వచ్చింది. ఈసారి ఆమె సొంత టేపు కొనుక్కుంది, వంటగది మేకుకి వేలాడదీసింది. దారాలత్త చెప్పింది ఇంతే: ముందు వారం రోజులు కొలిచి చూడు, అడిగినవాళ్ళకి నిజం చెప్పు, ఊఁ అనాలన్నా ఊహూఁ అనాలన్నా పొద్దున్నే అను.

పాప వీధి చివరికి పరిగెత్తితే టేపు చాలలేదు, అడుగులతో కొలిచి రాసుకుంది. అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు. కొలవడం మొదలుపెట్టి ఇవాళ మూడో రోజే.